వానలు పడ్డాకే ఎందుకు ట్రిప్ అవుతుంది? బోరు కేబుల్ పరీక్షలో జరిగే పొరపాటు

సంక్షిప్తంగా: బోరు మోటారుకు వేసే ఫ్లాట్ కేబుల్‌ను షాపులోనో గట్టు మీదో పొడిగా పరీక్షిస్తే, లోపలి తీగ తెగలేదని మాత్రమే తెలుస్తుంది. పైతొడుగు బాగుందో లేదో తెలియదు. తొడుగులోని గాటు బయటపడాలంటే కేబుల్ నీళ్లలో మునిగి ఉండాలి, కొలిచే పరికరం 500 వోల్టులు పెట్టగలగాలి. ఈ రెండూ లేకుండా దించిన కేబుల్‌కు అసలు పరీక్ష బోరులోనే జరుగుతుంది. దాని ఫలితం చాలాసార్లు ఈశాన్య రుతుపవనాల వానలతో వస్తుంది.

కనిగిరి, పామూరు, ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట పొలాల్లో వినబడే ఒక ఫిర్యాదు పైకి వింతగా ఉంటుంది. ఎండాకాలమంతా నడిచిన బోరు మోటారు, అక్టోబరు, నవంబరు నెలల్లో నాలుగు మంచి వానలు పడ్డాక మొరాయిస్తుంది. స్టార్టర్ నొక్కితే పట్టుకుంటుంది, కాసేపటికి ట్రిప్ అవుతుంది. లేదంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. పిడుగు పడి ఉంటుందని ఒకరు, వోల్టేజీ తేడా అని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో అయిందని ఇంకొకరు చెబుతారు. చైన్ పుల్లీ తెప్పించి, పైపులు ఒక్కొక్కటే విప్పి మోటారును పైకి తీస్తే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పుడు చూపు స్టార్టర్ మీదకు మళ్లుతుంది. కేబుల్‌ను మాత్రం ఎవరూ అనుమానించరు. అది కొన్న రోజే 'టెస్ట్ చేసి' ఇచ్చారు కదా.

చిక్కంతా ఆ 'టెస్ట్' అనే మాటలోనే ఉంది.

వానకూ మోటారుకూ సంబంధం

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. ప్రకాశంలోనూ వాటి పాత్ర తక్కువేం కాదు. మెట్ట ప్రాంతంలో కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో నిలుస్తాయి కాబట్టి ఎండల్లో మట్టం బాగా పడిపోయి, వానలకు మళ్లీ పైకి వస్తుంది.

ఒక లెక్క వేసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు 500 అడుగుల లోతులో ఉందనుకుందాం. మే నెలలో నీటిమట్టం 400 అడుగుల దగ్గర, నవంబరులో 250 అడుగుల దగ్గర ఉందనుకుందాం. కేబుల్‌కు 300వ అడుగు దగ్గర ఒక గాటు పడి ఉంటే, మేలో ఆ గాటు గాలిలో వేలాడుతోంది. గాలి కరెంటును పోనివ్వదు కాబట్టి మోటారు మామూలుగా నడుస్తుంది. నవంబరులో అదే గాటు 50 అడుగుల నీళ్ల కింద ఉంటుంది. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి, నీళ్ల నుంచి భూమిలోకి దారి పడుతుంది. వాన కొత్తగా చెడగొట్టిందేమీ లేదు, ముందే ఉన్న గాటును తడిపిందంతే.

ఈ లీకేజీ మొదట్లో కొద్ది మిల్లీ ఆంపియర్లే ఉండొచ్చు, ఫ్యూజుకు అది తెలియదు. రోజులు గడిచేకొద్దీ గాటులో రాగి పచ్చబడుతుంది, వేడికి పీవీసీ మెత్తబడి గాటు పెద్దదవుతుంది. గాటు పక్క కోరుదాకా, అంటే కేబుల్ లోపలి పక్క తీగదాకా, పాకిన రోజున ఫ్యూజు ఎగురుతుంది. ఇంకో మలుపు కూడా ఉంది. మోటారు కొంతసేపు నడిచిందంటే బోరులో మట్టం దిగుతుంది, గాటు మళ్లీ గాలిలోకి వస్తుంది. పొద్దున మొరాయించిన మోటారు మధ్యాహ్నానికి బుద్ధిగా నడవడం వెనుక ఒక్కోసారి ఉన్నది ఇదే. మెకానిక్ వచ్చేసరికి జబ్బు కనిపించదు.

గాటు ఎలా పడుతుందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. కేసింగ్ పైపు అంచు కత్తిలా ఉంటుంది, మోటారు దించేటప్పుడు కేబుల్ దాని మీదే రాసుకుంటూ దిగుతుంది. బోరు చుట్టూ పోసిన రాతి ముక్కల మీద కాయిల్‌ను ఈడుస్తారు. పైపుకు కేబుల్‌ను ఇనుప తీగతో బిగిస్తారు. షెడ్డులో రెండు నెలలు పడి ఉన్న కాయిల్‌ను ఎలుకలు రుచి చూస్తాయి.

రెండో కొస లేకుండా కొలవలేం

తొడుగు గట్టిదనాన్ని కొలవడమంటే, లోపలి రాగికీ తొడుగు బయట ఉన్న మరో వాహకానికీ మధ్య వోల్టేజీ పెట్టి, ఎంత కరెంటు కారుతోందో చూడటం. పరీక్షకు రెండు కొసలు కావాలి. ఒకటి లోపలి రాగి. మరి రెండోది?

చలిదేశాల్లో ఇళ్ల నేల కింద వేసే హీటింగ్ కేబుళ్లను దీనితో పోల్చి చూడవచ్చు. నెల్లూరు ఎండలకు నేలను వేడి చేసుకునే అవసరం ఎవరికీ రాదు గానీ, ఆ కేబుల్ కష్టమూ బోరు కేబుల్ కష్టమూ ఒకటే. ఒకసారి కాంక్రీటు కిందకు వెళ్లాక దాన్ని బయటకు తీయడం అంటే నేల పగలగొట్టడమే. అందుకే అక్కడ పరీక్ష మూడుసార్లు చేస్తారు. డబ్బా విప్పగానే ఒకసారి, నేల మీద పరిచాక ఒకసారి, పైన కాంక్రీటో టైల్సో వేశాక ఇంకోసారి. ప్రతిసారీ తీగ నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచి, ఫ్యాక్టరీ చీటీ మీద ఉన్న అంకెతో సరిచూస్తారు. తర్వాత తొడుగును మెగ్గర్‌తో, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి తొడుగు గట్టిదనాన్ని కొలిచే పరికరంతో, చూస్తారు. పని జరుగుతున్నంతసేపూ కేబుల్‌కు ఒక చిన్న అలారం తగిలించి ఉంచే పద్ధతి కూడా ఉంది. ఎవరి తాపీ అయినా తగిలి తీగ తెగితే అది వెంటనే మోగుతుంది.

రెండింటికీ తేడా ఒక్క చోటే ఉంది. ఆ హీటింగ్ కేబుల్‌లో కోరు చుట్టూ లోహపు జాలీ ఉంటుంది. రెండో కొస కేబుల్‌లోనే ఉన్నట్టు. మెగ్గర్ ఒక క్లిప్పు కోరుకు, రెండోది జాలీకి పెడితే పొడి గదిలో కూడా కేబుల్ పొడవునా తొడుగు పరీక్షకు వస్తుంది.

బోరుకు వాడే మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్‌లో అలాంటి జాలీ లేదు. కోరు మీద పీవీసీ, దాని మీద మళ్లీ పీవీసీ తొడుగు, అంతే. పొడి కాయిల్‌కు మెగ్గర్ పెట్టి కోరుకూ కోరుకూ మధ్య కొలిస్తే ఆ రెండింటి మధ్య ఉన్న సంగతి మాత్రం తెలుస్తుంది. బయటివైపు పడిన గాటుకు ఎదురుగా ఉన్నది గాలి. మెగ్గర్ ముల్లు అనంతం చూపిస్తుంది. ఆ అంకె గాలిదే, కేబుల్‌ది కాదు. కేబుల్ చుట్టూ నీళ్లు పెట్టడమంటే దానికి లేని జాలీని తాత్కాలికంగా తొడగడమే.

సిరీస్ బల్బు ఎంతవరకు చూస్తుంది

ఊళ్లలో ఎక్కువగా జరిగే పరీక్షలు రెండు. ఒకటి మల్టీమీటర్ బీప్. రెండోది 100 వాట్ల బల్బును వరసలో కలిపి చూసే సిరీస్ ల్యాంపు.

బీప్ చెప్పేది తీగ ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా ఉందని. మూడు కోర్లలో ఒకటి తెగితే మోటారు రెండు ఫేజులతో గుంజుకుని వైండింగ్ మాడిపోతుంది కాబట్టి ఈ పరీక్ష అవసరమే. కానీ మల్టీమీటర్ పెట్టేది కొద్ది వోల్టులు. ఆ కొద్దిపాటి ఒత్తిడికి లొంగని పలచబడ్డ తొడుగు 415 వోల్టుల లైన్‌కు లొంగుతుంది.

సిరీస్ ల్యాంపు మీద మెకానిక్‌లకు నమ్మకం ఎక్కువ. ఇక్కడ చిన్న లెక్క చాలు. 230 వోల్టుల దగ్గర 100 వాట్ల బల్బు పూర్తిగా వెలగాలంటే 0.43 ఆంపియర్లు కావాలి. తొడుగు దెబ్బతిని లీకేజీ దారి 7,000 ఓమ్‌లకు పడిపోయిందనుకుంటే, దాని గుండా పోయేది సుమారు 33 మిల్లీ ఆంపియర్లు. అంత కరెంటుకు బల్బు ఫిలమెంటు కనీసం ఎర్రబడదు. 'బల్బు వెలగలేదు, కేబుల్ ఓకే' అని తేలుస్తారు. అయితే మనిషి ప్రాణం కాపాడటానికి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్చు) ట్రిప్ అయ్యేది 30 మిల్లీ ఆంపియర్లకు. ప్రాణం తీయగల లీకేజీ కూడా సిరీస్ బల్బుకు కనబడదన్నమాట. వ్యవసాయ మోటార్ల స్టార్టర్ బోర్డుల్లో ఆర్‌సీసీబీ ఉండటం అరుదు కాబట్టి ఇది ఉత్త అంకెల సంగతి కాదు.

మెగ్గర్ అనేది నిజానికి ఒక బ్రిటిష్ కంపెనీ పెట్టుకున్న పేరు. ఇప్పుడు ఇన్సులేషన్ కొలిచే ప్రతి పరికరాన్నీ అలాగే పిలుస్తున్నారు. చేత్తో తిప్పేది అయినా, బ్యాటరీది అయినా అది 500 వోల్టుల డీసీ పెడుతుంది. కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు చెప్పేది కూడా ఇదే కొలత. 500 వోల్టుల డీసీని ఒక నిమిషం పెట్టినప్పుడు ఫేజుకూ భూమికీ మధ్య కనీసం 1 మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలి.

తొట్టి పరీక్ష

పశువుల తొట్టి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ పరీక్షకు కావలసిన సగం సరంజామా ఉన్నట్టే. కాయిల్ కట్లు కొంచెం వదులు చేసి, మొత్తం నీళ్లలో ముంచాలి. రెండు చివర్లూ అడుగు పైనే బయట ఉండాలి. రాత్రంతా, వీలైతే 24 గంటలు నానాలి. సూదిమొనంత రంధ్రంలోకి నీళ్లు దూరడానికి సమయం పడుతుంది, ముంచిన ఐదు నిమిషాలకే కొలిస్తే పొడిగా కొలిచినట్టే.

మర్నాడు ఒక చివర మూడు కోర్ల రాగిని ఒకటిగా మెలిపెట్టి మెగ్గర్ లైన్ క్లిప్పు తగిలించాలి. రెండో చివర మూడు కోర్లు దేనికీ తగలకుండా, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మెగ్గర్ ఎర్తు క్లిప్పును తొట్టి గోడకు పెడితే కుదరదు. ఒక ఇనుప కడ్డీనో తొడుగు తీసిన రాగి తీగనో నీళ్లలోకి దించి దానికి పెట్టాలి. ప్లాస్టిక్ డ్రమ్ము వాడితే ఇది మరీ ముఖ్యం. నీళ్లు భూమికి తగలకుండా ఉంటాయి కాబట్టి కడ్డీ లేకపోతే ఎంత చెడ్డ కేబుల్ అయినా పాసైపోతుంది. ఆ పైన ఒక నిమిషం తిప్పి అంకె చూడాలి.

ముల్లు ఎలా కదులుతోందన్నది అంకె అంత ముఖ్యం. మంచి కేబుల్‌లో ముల్లు మొదట కొంచెం తక్కువ చూపి, నిమిషంలో మెల్లగా పైకి వెళ్లి నిలుస్తుంది. పైకి వెళ్లి మళ్లీ జారిపోతున్నా, అటూ ఇటూ గిలగిలలాడుతున్నా ఎక్కడో తడి లోపలికి చేరిందని అనుమానించాలి. మంచి కొత్త కాయిల్ నీళ్లలో కూడా పదుల నుంచి వందల మెగా ఓమ్‌లు చూపుతుంది. చట్టం అడిగే 1 మెగా ఓమ్ మొత్తం అమరికకు కనీస హద్దు. కొత్త కేబుల్ తొట్టిలోనే 2, 3 మెగా ఓమ్‌లు చూపితే దాన్ని పాసైనట్టు లెక్కపెట్టి బోరులో దించడం అర్థంలేని పని.

అంకె చదివేటప్పుడు ఇంకో రెండు సంగతులు గుర్తుండాలి. పొడవు పెరిగితే మెగా ఓమ్‌లు తగ్గుతాయి. 100 మీటర్ల కాయిల్ 200 చూపితే అలాంటివి రెండు కలిపితే 100 చూపుతుంది, అది లోపం కాదు. వేడి పెరిగినా తగ్గుతాయి. పది డిగ్రీలకు సగమవుతుందన్నది మోటు లెక్క. రోహిణి కార్తె మధ్యాహ్నం కొలిచిన అంకెనూ పుష్య మాసం పొద్దుటి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చివర్ల మీద చెమట, మంచు తడి ఉంటే కరెంటు తొడుగు పైపై నుంచి జారి మంచి కేబుల్‌నే చెడ్డదిగా చూపిస్తుంది. గుడ్డతో తుడిచి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

తిప్పుతున్నంతసేపూ తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. అయ్యాక కోర్లనూ నీళ్లలోని కడ్డీనీ ఒక తీగతో కలిపి కాసేపు ఉంచాలి. కాయిల్ నిండా నిలిచిన చార్జి చిన్న షాకు కొట్టగలదు.

ఓమ్‌ల లెక్కలో దొరికే దొంగతనం

తొడుగు పరీక్ష అయ్యాక రాగి పరీక్ష. ఇది పొడిగానే చేయొచ్చు. ఒక చివర రెండు కోర్లు కలిపి, రెండో చివర ఓమ్‌లు కొలవాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి తీగకు కిలోమీటరుకు 20 డిగ్రీల దగ్గర 7.98 ఓమ్‌లు మించకూడదు. 4కు 4.95, 1.5కు 13.3. అంటే 2.5 సైజు 100 మీటర్ల కాయిల్‌లో పోను రాను రెండు కోర్లకు కలిపి సుమారు 1.6 ఓమ్‌లు. 40 డిగ్రీల ఎండలో అది 1.72 దాకా పోతుంది, అది సహజమే. 2.5 ఓమ్‌లు చూపితే మాత్రం సైజు తక్కువైనా అయి ఉండాలి, లేదా రాగి పూత పూసిన అల్యూమినియమైనా అయి ఉండాలి. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు దాటి ఉంటుంది.

ఇంత చిన్న అంకెలు కొలిచేటప్పుడు మల్టీమీటర్ సొంత తీగలే కొంత నిరోధం కలుపుతాయి. ముందు రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసివేయాలి. తర్వాత ఎరుపు పసుపు, పసుపు నీలం, ఎరుపు నీలం అని మూడు జతలూ కొలవాలి. మూడూ దాదాపు ఒకటే రావాలి. ఒక కోరు ఉన్న రెండు జతలూ ఎక్కువ చూపితే ఆ కోరులో కొన్ని పోగులు తెగి ఉన్నాయని అర్థం. బీప్‌కు అది దొరకదు.

దీని ప్రభావం మోటారు మీద నేరుగా పడుతుంది. 600 అడుగుల, అంటే 183 మీటర్ల లోతులో 8 ఆంపియర్లు లాగే 5 హెచ్‌పీ మోటారుకు 2.5 సైజు కేబుల్‌లో పోయేది సుమారు 16 వోల్టులు. అదే 1.5 అయితే 27. లైన్‌లోనే వోల్టేజీ తక్కువగా ఉన్న పల్లెలో మోటారు కాలిపోవడానికి ఈ 11 వోల్టుల తేడా కూడా తోడవుతుంది. నింద మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మోస్తుంది.

జాయింటు, తర్వాత దించడం

కాయిల్ ఎంత మంచిదైనా మోటారు తీగలతో దాన్ని కలిపే చోట మనిషి చెయ్యి పడుతుంది. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. మట్టానికి 90 మీటర్ల కింద ఉన్న జాయింటును నీళ్లు 9 కిలోల బలంతో నొక్కుతుంటాయి. ఇంట్లో స్విచ్‌బోర్డుకు చుట్టే టేపు ఆ ఒత్తిడికి పొరల మధ్య నుంచి నీళ్లను లోపలికి రానిస్తుంది. అందుకే మూడు కోర్లనూ ఒకే చోట కాకుండా మెట్లుమెట్లుగా వేర్వేరు పొడవుల్లో కలపడం, లోపల రబ్బరు టేపు సాగదీసి చుట్టడం, దాని మీద పీవీసీ టేపు వేయడం చేస్తారు. ఒకసారి నీళ్లు లోపలికి వెళితే అక్కడే ఆగవు. పోగుల సందుల్లోంచి వత్తిలో నూనె పాకినట్టు పైకి పాకుతాయి.

జాయింటు అయ్యాక దాన్ని బకెట్లో ముంచి మళ్లీ మెగ్గర్ పెట్టాలి. నీళ్లు నింపుకునే రకం మోటారైతే అందులో నీళ్లు పోసి నానబెట్టాకే కొలవాలి. దాని వైండింగ్ పనిచేసేది నీళ్లలోనే కాబట్టి, పొడి మోటారు చూపే అంకె కూడా పొడి కేబుల్ అంకె లాంటిదే.

దించేటప్పుడు కేసింగ్ అంచు మీద పాత టైరు ముక్క వేస్తే సగం గాట్లు తగ్గుతాయి. ఐదారు పైపులకోసారి ఆగి కొలిస్తే ఇంకా మంచిది. బోరులో నీళ్లు తగిలిన దగ్గర నుంచి నీళ్లే రెండో కొస అవుతాయి. అంకె ఉన్నట్టుండి పడిందంటే, దెబ్బ ఆఖరున నీళ్లలోకి దిగిన ఐదారు పైపుల పొడవులోనే ఉందని తెలుస్తుంది. ఆ భాగం బయటికి వచ్చేదాకా లాగితే చాలు, మొత్తం తీయనక్కర్లేదు. నీటిమట్టానికి పైనున్న భాగం మాత్రం ఈ కొలతలోకి రాదు. వానల తర్వాత తడిసేది ఆ భాగమే. దానికి తొట్టి పరీక్ష, కేసింగ్ దగ్గర జాగ్రత్త తప్ప ఇంకో దారి లేదు. మోటారు దించేముందు టెంకాయ కొట్టడం ఎవరూ మర్చిపోరు, మెగ్గర్ తెచ్చే మెకానిక్ మాత్రం ఇంకా అరుదుగానే కనిపిస్తాడు.

తీరం వైపు పరిస్థితి

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల చెరువుల ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) వేసే కేబుళ్లది ఇదే కథ, ఇంకొంచెం వేగంగా నడుస్తుంది. ఉప్పు నీటి గుండా కరెంటు మంచి బోరు నీటి కంటే ఎన్నో రెట్లు తేలిగ్గా పోతుంది. బోరులో ఏడాది పట్టే నష్టం చెరువులో వారాల్లో జరగొచ్చు. పైగా చెరువులోకి దిగే మనుషులు ఉంటారు. అక్కడ నిలిపిన కేబుల్‌ను వారానికోసారి చూసుకోవడం సాధ్యం. బోరులో అది కుదరదు.

స్టార్టర్ డబ్బా మూత వెనక

వ్యవసాయానికి పగటిపూట 9 గంటల ఉచిత విద్యుత్ విధానంలో చాలా మోటార్లు ఆటో స్టార్టర్‌తో నడుస్తున్నాయి. కరెంటు వచ్చినప్పుడు పొలంలో మనిషి ఉండడు. లోపం ఉన్న కేబుల్ మీద మోటారు మళ్లీ మళ్లీ స్టార్ట్ అవుతూ గాటును పెద్దది చేస్తుంది. అలాంటి చోట పాత అంకె ఒకటి చేతిలో ఉంటే పని తేలికవుతుంది. దించిన రోజు తేదీ, మెగా ఓమ్‌లు, మూడు జతల ఓమ్‌లు, అప్పటి నీటిమట్టం స్టార్టర్ డబ్బా మూత లోపలివైపు పెయింటుతో రాసి పెడితే సరిపోతుంది.

దించిన రోజు 40 మెగా ఓమ్‌లు ఉన్నది రెండేళ్లకు 15కు వస్తే అది వయసు. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర కేబుల్ చివర్లు విప్పి కొలిస్తే మే నెలలో 15, వానల తర్వాత 0.3 వచ్చిందంటే, గాటు ఆ రెండు నీటిమట్టాల మధ్య ఎక్కడో ఉంది. పైపులు విప్పేవాళ్లకు ఏ పైపు దగ్గర నుంచి కళ్లు పెట్టి చూడాలో ముందే తెలుస్తుంది.